టోపీ పడిందా?

తమ్ముడి పెదవుల మధ్య ఎర్ర మూత కనిపించేసరికి ఆమె ల్యాబు గుమ్మంలోనే ఆగిపోయింది.

మూత అంటే మరీ పెద్దదేం కాదు, చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాన్ని పెదవుల మధ్య ఇరికించుకుని, ఎదురుగా ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టానికి నీలం మూత ఒకటి బిగిస్తూ, వాడు కళ్ళతోనే అక్కను పలకరించాడు. నోరు ఖాళీ లేదు మరి. ఫ్రీజర్లు బాగుచేసేవాడికి రెండు చేతులు ఏనాడూ చాలవు. విప్పిన మరలన్నీ పెదవుల మధ్య పెట్టుకోవడం పని నేర్చుకునే రోజుల్లోనే వాడికి అబ్బిన విద్య. ఏదో ఒక రోజు మింగి చస్తావురా అని అమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది. వాడు ఏనాడూ మింగలేదు గనక అలవాటూ మానలేదు.

"ఉమ్మెయ్!" అని అరిచింది ఆమె.

వాడు ఉలిక్కిపడి మూతను అరచేతిలోకి వదిలాడు. "ఏమైందక్కా? నువ్వే కదా పెట్టాలన్నావు."

"లోపలివైపు నాలిక్కి తగిలిందా? చెప్పరా, తగిలిందా? ఉమ్మి మింగావా?"

"మూత రుచి ఎలా ఉంటుందో చూడలేదులే," అని నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆగిపోయాడు. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి వాడి తలను సింకులోకి వంచి కుళాయి తిప్పింది. పుక్కిలించమంది. మళ్ళీ పుక్కిలించమంది. చొక్కా అంతా తడిసిపోయినా వదల్లేదు.

ఆ గదిలో మూత రంగే పేరు. అంతటి చలిలో సిరా నిలవదు, ఏ గొట్టం మీద ఏం రాసినా వారం తిరిగేసరికి చెరిగిపోతుంది. అందుకని ఆమె తన గొట్టాలన్నిటికీ రంగులు పెట్టుకుంది. నీలం మూతలు ఒక రకం ఆర్‌ఎన్‌ఏకి, ఆకుపచ్చవి ఇంకో రకానికి, తెల్లది ప్రొటీన్లను పల్చన చేసే ద్రవానికి. ఎర్ర మూత ఒక్కటంటే ఒక్కటే ఉంది. అది పుట్టగొడుగులోంచి తీసిన విషానిది. దానికి తాళం వేసిన అలమరలో, ల్యాబు పెద్దమేడం గదిలో, చోటు ఉంది. అవసరమైనప్పుడల్లా మెట్లెక్కి తాళం అడగడం ఎందుకని మన మహాతల్లి దాన్ని తన పెట్టెలోనే ఒక మూల పెట్టుకుంది. ఎవరు ముట్టుకుంటారులే అనుకుంది. ఫ్రీజరు చెడిపోతుందని, చెడిపోతే బాగుచేయడానికి సొంత తమ్ముడే వస్తాడని ఎవరనుకుంటారు?

అసలు ఇదంతా ఒక్క మాటవల్ల వచ్చింది.

కణం నడిబొడ్డున కేంద్రకం ఉంటుంది. అందులో పాలిమరేజ్ అనే ప్రొటీన్ యంత్రం డీఎన్‌ఏ మీద పాకుతూ ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తీస్తూ పోతుంది. ఆ యంత్రానికి పొడుగాటి తోక ఉంది. తోకకు ఫాస్ఫేట్లు అంటుకోగానే ఇంకో ఎంజైము వచ్చి దాన్ని పట్టుకుని వేలాడుతుంది. నకలు కొస బయటికి తొంగిచూసీ చూడకముందే దాని నెత్తిన చిన్న టోపీ పెట్టేస్తుంది. టోపీ లేకుండా వచ్చిన నకళ్ళను కొరికి తినే ప్రొటీన్లు చుట్టూ కాచుక్కూర్చుని ఉంటాయి. టోపీ పడ్డదాన్నేమో మరికొన్ని ప్రొటీన్లు చెయ్యి పట్టుకుని నడిపించుకుపోతాయి. పనికిరాని ముక్కలు కత్తిరించి, మిగతావి అతికి, కేంద్రకం గడప దాటిస్తాయి. ఆమె ఉద్యోగమంతా ఈ టోపీ చుట్టూనే తిరుగుతుంది. ల్యాబులో ఆమెను టోపీ మేడం అనేవాళ్ళు. ఇవాళ ఎవరికి టోపీ పెట్టారు మేడం అని మెట్ల మీద ఎదురైన ప్రతివాడూ అడిగేవాడు, ఆమె ఎవరి డబ్బో కాజేసినట్టు.

ఇంట్లో అన్నాల దగ్గర కూడా అదే గోల. ఇవాళ టోపీ పడింది, ఇవాళ టోపీ పడలేదు. తమ్ముడు ముద్ద మింగుతూ వినేవాడు. టోపీ అంటే గొట్టాలకు పెట్టే మూత కాబోలని వాడు తీర్మానించుకున్నాడు. మూతలు సరిగ్గా పడకపోతే మనిషి ఇంత దిగులుపడాలా అని లోపల నవ్వుకునేవాడు కూడా.

ఆ రోజు పొద్దున ఆమె పై అంతస్తు హాల్లో అందరి ముందూ మాట్లాడింది. టోపీ పెట్టే ఎంజైము ఊరికే తోకను పట్టుకోలేదని, మధ్యలో ఒక సహాయ ప్రొటీన్ ఉండి ఆ రెండింటినీ కలుపుతోందని, దాన్ని తీసేస్తే టోపీయే పడదని చూపించింది. రెండు నెలల పని అది. చప్పట్లు మోగాయి. ఎప్పుడూ ఏదో ఒక వంక పెట్టే పెద్దమేడం కూడా తల ఊపింది. వేదిక దిగుతుండగానే ఫోను మోగింది.

"అక్కా, పెట్టె జారి నీ గొట్టాలు కొన్ని దొర్లాయి. టోపీ లేనివి కొన్ని ఉన్నాయి. వాటినేం చెయ్యను?"

పెట్టె మీద తానే అతికించిన అచ్చు చీటీలో ఉన్న మాట అది, టోపీ లేనివి అని. నీలం మూతల గొట్టాల్లో ఇంకా టోపీ పడని ఆర్‌ఎన్‌ఏ ఉంది. వాడు ఆ చీటీ చదివి అడుగుతున్నాడనుకుంది ఆమె. "వాటికింకా టోపీ పెట్టాలిరా. నేనొచ్చాక పెట్టుకుంటాలే."

"ఆ మాత్రం నేను పెట్టలేనా? టోపీలు పెట్టడం మనకు కొత్తా ఏంటి?"

ఆమె పకపకా నవ్వింది. పక్కనున్నవాళ్ళకు కూడా చెప్పి నవ్వించింది. తర్వాత ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తన చెంప తానే పగలగొట్టుకోవాలనిపించింది.

ఆమె గొట్టాల మూతలు గట్టిగా బిగించే మనిషి కాదు. మళ్ళీ తెరవాలి కదా అని సగం మర తిప్పి వదిలేస్తుంది. పెట్టె జారగానే అవి ఊడిపోయాయి. వాడు పాపం అక్క పని తగ్గిద్దామని మూతలన్నీ ఏరి, పెదవుల మధ్య పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి ఒక్కొక్క గొట్టానికి బిగించాడు. ఎర్రది ఏ గొట్టానిదో తేల్చుకోలేక ఆఖరికి ఉంచాడు.

ఆసుపత్రికి వెళ్తుంటే కారు నడిపింది ఆమే. ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. తెలియనివాళ్ళకు విషమంటే విషం, అంతే. ఆమెకు అలా కాదు. ఆ విషం ఏ సందులో దూరి ఎవరి పీక పట్టుకుంటుందో ఆమెకు కంటికి కట్టినట్టు కనిపిస్తోంది. అది నేరుగా పాలిమరేజ్‌లోకి దూరి దాని కీలును పట్టేస్తుంది. యంత్రం చచ్చీ చెడీ ఒక్కో అక్షరం కదులుతుంది, ఆ తర్వాత అదీ ఉండదు. నకళ్ళు రావు. టోపీ పెట్టే ఎంజైము తోక పట్టుకుని ఎదురుచూస్తూనే ఉంటుంది, పెట్టడానికి నెత్తి అంటూ ఉండదు. పాత నకళ్ళు అరిగిపోతాయి, కొత్తవి పుట్టవు. ఇదంతా మొదట జరిగేది కాలేయంలో. మనిషి మాత్రం హాయిగా కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు, ఇదిగో పక్క సీటులో వీడు కూర్చున్నట్టు.

"ఆకలేస్తోందక్కా," అన్నాడు వాడు.

ఆమె కారు వేగం పెంచింది.

అత్యవసర విభాగంలో డాక్టరు నెరిసిన గడ్డం మనిషి. ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. వెంటనే బొగ్గు పొడి కలిపిన నల్లటి నీళ్ళు తెప్పించి తాగించాడు. ఎడమ చేతికి సెలైన్ పెట్టించాడు.

"ఇప్పుడు ఏమీ కనపడదమ్మా," అన్నాడు ఆమెను పక్కకు పిలిచి. "వాంతులు మొదలవడానికే సగం రోజు పడుతుంది. ఆ తర్వాత తగ్గిపోయినట్టు ఉంటుంది..."

"తెలుసండి," అంది ఆమె. ఆ తగ్గిపోయినట్టు ఉండటమే ఆమెకు అన్నిటికంటే భయం. అందరూ హమ్మయ్య అనుకుంటున్నప్పుడు కాలేయం ముక్కలవుతూ ఉంటుంది.

"విషం లోపలికి పోయిందనే అనుకుని మందు మొదలుపెడుతున్నాను. మూత్రం పరీక్షకు బయటికి పంపాలి, రేపు గానీ జవాబు రాదు. అసలా మూతకు విషం అంటి ఉందా లేదా అన్నది మీరేమైనా తేల్చగలరా? తెలిస్తే మాకు ఒక దారి దొరుకుతుంది."

మూత ఆమె చేతిసంచిలోనే ఉంది, ప్లాస్టిక్ కవర్లో. "తేలుస్తాను," అంది.

బయల్దేరుతుంటే వాడు కుడి చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పళ్ళూ పెదవులూ నల్లగా ఉన్నాయి. అప్పటిదాకా నర్సుతో పరాచికాలాడినవాడే.

"అక్కా, నిజం చెప్పు. చచ్చిపోతానా?"

"నోర్ముయ్," అంది ఆమె.

ల్యాబుకు వచ్చేసరికి ఫ్రీజరు తలుపు తెరిచే ఉంది. వాడి పనిసంచి నేల మీద నోరు తెరుచుకుని ఉంది, పక్కనే విప్పిన మరలు చిందరవందరగా పడి ఉన్నాయి. వాటివైపు చూడలేకపోయింది. పెద్దమేడం అప్పటికే కిందికి దిగి వచ్చింది. ఎర్ర మూత ఇక్కడికెలా వచ్చిందని అడగలేదు. తిట్టాల్సినవన్నీ తర్వాతికి దాచుకుని, చేతులకు గ్లవుజులు తొడుక్కుని, "ఎలా చూద్దామంటావు?" అంది.

ఎలా చూడాలో ఆమె కారులోనే ఆలోచించుకుంది. ప్లాస్టిక్ పలకలో రెండు చిన్న గుంటలు. రెండింట్లోనూ కేంద్రకాల్లోంచి తీసిన రసం, డీఎన్‌ఏ, సహాయ ప్రొటీన్‌తో సహా అన్నీ సమానంగా. మొదటి గుంటలో అదనంగా తన తెల్ల మూత ద్రవం కొంచెం. ఏ అపకారం తెలియనిది, ఊరికే కొలత సరిపెట్టడానికి. రెండో గుంటలో అంతే కొలత, కానీ ఎర్ర మూత లోపలివైపు కడిగిన నీళ్ళు. పాలిమరేజ్ నడిస్తే నకలు వస్తుంది. నకలు వస్తే టోపీ పడుతుంది. టోపీని మాత్రమే పట్టుకునే ప్రొటీన్ ఒకటి ఉంది, దానికి మెరిసే రంగు కట్టి పెట్టారు. టోపీ పడితే వెలుగు కొలిచే యంత్రం తెర మీద గుంట ఆకుపచ్చగా వెలుగుతుంది. విషం ఉంటే చీకటి.

మొదటిది ఎలాగూ వెలుగుతుంది. రెండోది కూడా వెలిగితే తమ్ముడికి గండం గడిచినట్టే.

గుంటల్లో పోస్తుంటే ఆమె చేతులు వణికాయి. పలకను ఆ యంత్రంలోని వెచ్చటి అరలో పెట్టి, మూత వేసి, దాని ముందే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎన్నో వందలసార్లు టోపీ పడాలని కోరుకుంది ఈ బల్ల ముందు. పేపరు కోసం, పేరు కోసం, పెద్దమేడం నోరు మూయించడం కోసం. ఈసారి కోరుకోవడానికి కూడా భయమేసింది.

ఫోను మోగింది. అమ్మ.

"ఏమే, మీటింగు బాగా జరిగిందా? తమ్ముడు మీ ఆఫీసులోనే కదా పని అన్నాడు. ఫోను ఎత్తడం లేదు. తిన్నాడా?"

"తిన్నాడమ్మా."

"నీ గొంతేంటి అలా ఉంది?"

"పొద్దున్నించీ మాట్లాడి మాట్లాడి ఎండిపోయింది."

"వాణ్ణి తీసుకుని పెందలాడే వచ్చెయ్యండి," అని అమ్మ పెట్టేసింది. వాణ్ణి తీసుకుని అన్న మాట ఆమె చెవిలో ఉండిపోయింది. వాణ్ణి తీసుకుని వెళ్ళలేకపోతే ఆ గుమ్మం ముందు నిలబడి ఏమని చెప్పాలి? వాడి నోట్లో విషం పెట్టింది నేనేనమ్మా అనా?

తెర వెలిగింది. ఆమె లేచి నిలబడింది.

మొదటి గుంట చీకటి. రెండోది ఆకుపచ్చగా వెలుగుతోంది.

ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే చూపు మొదటిదాని మీదికి మళ్ళింది. వెలగాల్సిన మొదటిది వెలగకపోవడమేమిటి? అంటే తాను తారుమారుగా పోసింది. వణికే చేతులతో మూత కడిగిన నీళ్ళు మొదటి గుంటలో పోసేసింది. అలాగైతే ఆ చీకటి ఎర్ర మూతది. ఆ చీకటి తమ్ముడిది.

"తారుమారు చేశావా?" అంది పెద్దమేడం.

"తెలీదు మేడం. నాకేం తెలీడం లేదు." కళ్ళు మూసుకుంటే ఏ గుంటలో ఏది పోసిందో గుర్తొచ్చినట్టే ఉంటుంది, కళ్ళు తెరిస్తే అంతా చెరిగిపోతుంది. డాక్టరుకు ఫోను చేద్దామని తీసింది. ఏమని చెప్పాలో తెలియక పక్కన పెట్టేసింది.

"లే. నువ్వు చదువు, నేను పోస్తాను," అంది పెద్దమేడం. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ చేత్తో ఈ పని చేయలేదు. పైగదిలో కూర్చుని ఇతరుల పనిలో తప్పులు పట్టడమే ఆవిడ పని. కానీ చెయ్యి మాత్రం రాయిలా నిలిచింది. మొదటి గుంటలో తెల్ల మూత ద్రవం. రెండో గుంటలో మూత కడిగిన నీళ్ళు. ఆగి, ఒక్క క్షణం ఆలోచించి, తన గదిలోంచి సీలు విప్పని నీళ్ళ సీసా తెప్పించి, మూడో గుంటలో ఆ నీళ్ళు పోసింది.

మళ్ళీ ఎదురుచూపు. ఈసారి ఆమె కూర్చోలేకపోయింది. కారిడార్లో ఇటు చివరి నుంచి అటు చివరికి నడిచింది. పొద్దున చప్పట్లు కొట్టినవాళ్ళు ఒకరిద్దరు ఎదురై అభినందించారు. ఆమె ఏం జవాబిచ్చిందో వాళ్ళకే తెలియాలి. డాక్టరు దగ్గర్నించి ఫోను రాలేదు. రాకపోవడం మంచిదో చెడ్డదో అర్థం కాలేదు. ఆ విషం సంగతి తెలిసినవాళ్ళకు ఏ సాయంత్రమైనా ప్రశాంతంగా ఉందంటే అదే భయం.

"రా," అని గుమ్మంలోంచి పిలిచింది పెద్దమేడం.

మొదటిది చీకటి. రెండోది వెలుగు. మూడోది వెలుగు.

"రెండోది మూత కడిగిన నీళ్ళే కదా?" అంది ఆమె. "మీరే పోశారు కదా? కచ్చితంగా రెండోదే కదా?"

"రెండోదే. మీ తమ్ముడి మూతలో ఏమీ లేదు."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. బతుకుజీవుడా అనుకుని ఊపిరి వదిలింది.

పెద్దమేడం మాత్రం తెర వదల్లేదు. ఆమె బల్ల కింది చిన్న ఫ్రిజ్‌లోంచి తీసిన తెల్ల మూత గొట్టాన్ని దీపానికి అడ్డం పెట్టి చూసింది. లోపలిది నీళ్ళలాగే తేటగా ఉంది.

"ఇందులో ఏముంది?" అంది.

"పల్చన చేసే ద్రవం మేడం. రెండు నెలల క్రితం కలిపాను. అదే రోజు..." ఆమె నోట మాట ఆగిపోయింది. అదే రోజు, అదే బల్ల మీద, విషం కూడా కరిగించింది. రెండూ తేటగా, రెండూ ఒకేలా, రెండు గొట్టాలూ మూతలు తీసి పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. మధ్యలో ఎవరో పిలిచారు. వచ్చి మూతలు పెట్టింది. ఎర్రది పల్చన చేసే ద్రవానికి, తెల్లది విషానికి. ఆ ఎర్ర మూత గొట్టాన్ని మళ్ళీ తెరిచే అవసరమే రాలేదు. తెల్లది మాత్రం రోజూ తెరిచింది. తన బల్ల కింద ఉన్నది గనక తమ్ముడు దాని ముఖం కూడా చూడలేదు.

"సహాయ ప్రొటీన్ తీసేసినప్పుడల్లా, ఆ లోటు నింపడానికి ఏం పోసేదానివి?" అంది పెద్దమేడం, జవాబు తెలిసిన గొంతుతో.

"ఇదే."

"అయితే ప్రొటీన్ లేక టోపీ పడకపోవడం కాదు. నువ్వే రోజూ పాలిమరేజ్‌ని చంపుతూ వచ్చావు. పొద్దున పైన చెప్పినదంతా పోయింది, తెలుస్తోందా నీకు?"

"పోనీండి మేడం," అంది ఆమె. అప్పటికే కారు తాళాలు చేతిలోకి తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "రెండోది వెలిగింది కదా?"

"వెలిగింది. ఫో."

డాక్టరు విని గడ్డం నిమురుకున్నాడు. మంచి మాట చెప్పారు, అయినా రేపటి దాకా ఇక్కడే ఉంచుదాం, రక్తం ఇంకోసారి చూద్దాం అన్నాడు. తమ్ముడు మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె వాడి పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. పొద్దుటి చప్పట్ల సంగతి, పోయిన రెండు నెలల సంగతి కూడా చెప్పింది.

వాడు కుడి చేత్తో పెదవులు తుడుచుకున్నాడు. "అంటే నేను గొట్టాలకు టోపీలు పెడుతుంటే, నీకు రెండు నెలల నుంచి ఎవరో టోపీ పెడుతున్నారన్నమాట."

"ఎవరో కాదు, నేనే పెట్టుకున్నాను."

నల్లటి పళ్ళన్నీ కనిపించేలా వాడు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటూ, అమ్మకు ఏమని ఫోను చెయ్యాలా అని ఆలోచిస్తూ ఫోను కోసం సంచి వెతుక్కుంది.

వాడికి దాహమేసింది. పక్కనున్న మంచినీళ్ళ సీసా అందుకున్నాడు. ఎడమ చేతికి సెలైన్ ఉంది, ఆ చెయ్యి కదపకూడదు. కుడి చేత్తో సీసా పట్టుకుని, మూతను పళ్ళతో తిప్పి, పెదవుల మధ్య పెట్టుకుని, గ్లాసులోకి వంచాడు.

ఆమె చెయ్యి ఎప్పుడు లేచిందో ఆమెకు తెలియదు. మూతను వాడి నోట్లోంచి లాగేసింది. సీసా ఒరిగి దుప్పటి తడిసింది. గ్లాసు దొర్లి మంచం కిందికి పోయింది. పక్క మంచం వాళ్ళు తలలు తిప్పి చూశారు.

"మంచినీళ్ళేనక్కా," అన్నాడు వాడు మెల్లగా.

"అలాగే కనిపిస్తాయి," అంది ఆమె. మూత ఉన్న గుప్పిట మాత్రం విప్పలేదు.